భూమిని పొగడని బ్రోకరు

పోయిన నెల కొత్తగూడ ఫ్లైఓవర్ కింద మా కారు ఆగిపోయి ఇరవై నిమిషాలైంది. చేసే పని లేక స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీలు చదువుతున్నాను. ఇంజనీరింగ్ కోచింగు, ఎముకల డాక్టరు, ఎవరో నాయకుడి పుట్టినరోజు, వాటి కింద ఒక దశదినకర్మ. ఆ చివరి ఫ్లెక్సీలో ఉన్నది ఆయనే. మెడలో దండ, భుజం మీద తువాలు, వెనక కంప్యూటర్లో అతికించిన మంచు కొండలు. "అయ్యో, పటేలా" అని పైకే అనేశాను. పక్కనున్న మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఆ కొండలు చూస్తే ఏమనేవాడో. అంతా రాయే, బోరు పడదు అనేవాడు" అంది. ఇద్దరం నవ్వాం. చావు ఫ్లెక్సీ చూసి నవ్వుతున్నామని పక్క ఆటో డ్రైవరు మమ్మల్ని అదోలా చూశాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడు తన పేరు ఎక్కడా రాయనిచ్చేవాడు కాదు. విజిటింగ్ కార్డు ఎందుకు వేయించుకోలేదని ఒకసారి అడిగితే, "పేరు కాయితం మీదికెక్కితే ఎన్నటికైన కోర్టు మెట్లెక్కుడే సారు" అన్నాడు. చుట్టుపక్కల అందరూ పటేలా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. భూముల బ్రోకరు. ఆ రోజుల్లో ఆ దిక్కున బ్రోకరు కానివాడు ఎవడని అడగాలి. పాలు పోసేవాడు, ఇస్త్రీ చేసేవాడు, మా ఆఫీసు లిఫ్టు దగ్గర కూర్చునే ఆయన, అందరి దగ్గరా ఒక "మంచి బిట్టు" భూమి ఉండేది.

మాదాపూర్ రాళ్ళ మధ్య కంప్యూటర్ కంపెనీల కోసం ఆ గుండ్రటి భవనం లేస్తున్న కాలం అది. నేను కర్నూలు జిల్లావాడిని, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, లింగంపల్లిలో కిరాయి ఇల్లు. మా నాన్న పోయాక పత్తికొండ వైపున్న మా మూడెకరాల ఎర్రచేను అమ్మేసి, అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అమ్మ వచ్చిన వారానికే డాబా మీద పెయింటు డబ్బాల్లో మట్టి నింపి శెనక్కాయలు విత్తింది. ఇంటి ఓనరు డాబా కారుతుందని గొడవ పెట్టాడు. ఆ రోజు అమ్మ నన్ను కూర్చోబెట్టి, "నేల అమ్మిన దుడ్డు నేలలోనే పడాల రా. బ్యాంకులో పెట్టి వడ్డీ తింటే అది మనల్ని తింటుంది" అంది. ఆ డబ్బు మాకు ఒక్కసారే వచ్చింది, మళ్ళీ రాదు. దొంగ కాగితాలకో, కోర్టు కేసుకో అది పోతే మా అమ్మకు ఈ జన్మలో ఇక చేను లేదు. నాకు నిద్ర పట్టకుండా చేసింది ఆ భయమే.

అందుకని భూమి కంటే ముందు మంచి బ్రోకరును వెతుక్కోవాలని నిర్ణయించుకున్నాను. కంప్యూటర్ మనిషిని కదా, ఒక పట్టిక తయారుచేశాను. అనుభవానికి ఇన్ని మార్కులు, నిజాయితీకి ఇన్ని, కాగితాల జ్ఞానానికి ఇన్ని. నిజాయితీకి మార్కులు ఎలా వేస్తారని మా ఆవిడ అడిగింది. నేను ఇంకో గడి గీసుకున్నాను.

మొదట వచ్చినాయన సఫారీ సూటు వేసుకుని, చేతిలో సెల్‌ఫోను పట్టుకుని వచ్చాడు. అప్పట్లో వచ్చిన ఫోనుకు కూడా డబ్బులు పడేవి. అది మోగినప్పుడల్లా ఆయన నంబరు చూసి, కట్ చేసి, మా ఇంటి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకు పరిగెత్తేవాడు. ఆయన దగ్గర రంగుల చార్టు ఉంది, అందులో ఈతకొలను ఉంది, భూమి ఎక్కడుందో మాత్రం చార్టులో లేదు. రెండో ఆయన నన్ను కారులో తిప్పి, నార్సింగి దాటాక ఒక గుట్ట ఎక్కించి, "ఇక్కడినుంచి కనిపించేదంతా మనదేనండి, ఎటు కావాలో చెప్పండి" అన్నాడు. నా పట్టికలో ఇద్దరికీ మంచి మార్కులే వచ్చాయి. కాగితాలు నున్నగా ఉన్నాయి మరి.

మా ఓనరు భార్య చెప్పింది మూడో మనిషి గురించి. "మా దిక్కు ఒకాయన ఉన్నడు. బేరాలు చెడగొడ్తడని పేరు. జర చూడుండ్రి" అంది. ఇదేం సిఫార్సు అనుకున్నాను.

ఆదివారం పొద్దున పాత మోపెడ్ మీద వచ్చాడు. యాభై ఐదేళ్ళుంటాయి. చెవి మీద బీడీ, భుజాన తువాలు. అమ్మ వరండాలో కూర్చుని ఉండటం చూసి బీడీ తీసి జేబులో వేసుకున్నాడు. మా ఆవిడ టీ ఇస్తే సగం తాగి, మిగతా సగం పోయేటప్పుడు తాగుతానని కప్పు పక్కన పెట్టించాడు. నేను పట్టిక విప్పి, "ఎన్నేళ్ళ అనుభవం?" అని మొదలుపెట్టాను.

"గది తర్వాత. నువ్వేం పని జేస్తవ్ సారు?"

చెప్పాను. కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలే రాసుకున్నారనీ, రెండు వేలు వస్తే అవి పంతొమ్మిది వందలనుకుని తికమకపడతాయనీ, మేమంతా కూర్చుని వాటిని సరిచేస్తున్నామనీ వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మా భూముల పహాణీ కాయితాలకు గదే రోగం సారు. ముప్పై యేండ్ల కింద సచ్చినోడు ఇంక పట్టాదారుగనే కూసుంటడు. మా దాన్ని బాగుజేస్తరా మీ కంపెనోళ్ళు?" అన్నాడు.

తర్వాత నన్ను వదిలేసి అమ్మవైపు తిరిగాడు. ఏం పంట వేస్తారమ్మా, ఎంత లోతు దున్నేవారు, మీ దిక్కు వానలెప్పుడు పడతాయి అని పావుగంట మాట్లాడాడు. నా పట్టికలో ఒక్క గడి కూడా నిండలేదు. ఆయన వెళ్ళిపోయాక అమ్మ, "ఈయన్నే పెట్టుకో" అంది. "ఎందుకు?" అంటే "టీ పారబోయలేదు" అంది. ఇంతోటి దానికి నేను వారం రోజులు పట్టిక ఎందుకు గీశానో తెలియలేదు.

ఆ తర్వాత మూడు నెలలు ఆయన మాకు చూపించిన భూములన్నిటినీ తనే తిట్టాడు. అమ్మేవాడు పక్కనే ఉండగానే తిట్టేవాడు. ఒకచోట నేల చదునుగా ఉందని నేను సంబరపడితే, ఒక బండను కాలితో తట్టి, "గీ రాయి ఒక్కటే కాదు సారు. కింద కొడుకులను, మనుమలను ఏసుకొని కూసున్నది" అన్నాడు. ఇంకోచోట పక్కనే చెరువు, చల్లగాలి. "ఎండకాలం నీ భూమి, వానకాలం చాపల భూమి" అన్నాడు. మరోచోట అంతా బాగుంది కానీ అక్కడికి వెళ్ళడానికి దారి లేదు. "హెలికాప్టర్ ఉంటే తీస్కో" అన్నాడు. అమ్మేవాళ్ళు ఆయన్ని బండబూతులు తిట్టేవాళ్ళు. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు, వాళ్ళింట్లోనే మంచినీళ్ళు అడిగి తాగి వచ్చేవాడు.

ఆ మంచినీళ్ళలోనే ఆయన విద్య అంతా ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. అమ్మేవాళ్ళింటికి పోతే ముందు మగవాళ్ళతో మాట్లాడడు. దొడ్డివైపు పోయి ఆడవాళ్ళను నీళ్ళడుగుతాడు. నీళ్ళు తాగుతూ ఒకటే ప్రశ్న వేస్తాడు: "గీ ఇంటి ఆడిబిడ్డలెందరు? ఏ ఊళ్ళకిచ్చిన్రు?" అందరు బ్రోకర్ల దగ్గరా సర్వే నంబర్ల డైరీ ఉంటే, ఈయన దగ్గర ఒక అట్ట చిరిగిన నోటు పుస్తకం ఉండేది. ఫలానా ఇంటి పెద్దబిడ్డ ఫలానా ఊరికి, చిన్నబిడ్డ ఫలానా ఊరికి అని పేజీల కొద్దీ రాసుకున్నాడు. తెలియనివాళ్ళు చూస్తే పెళ్ళిళ్ళ పేరయ్య అనుకోవాల్సిందే. "మొగోళ్ళతోని మాట్లాడితే బేరం తెగుతది సారు. భూమి చేతికి రావాలంటే ఆడిబిడ్డలను అడగాలె. అడగకుంట అమ్మిన భూమికి ఆడిబిడ్డ ఉసురుంటది, కొన్నోన్ని గూడ కూసోనియ్యది" అనేవాడు.

ఆయనకు ఒక అలవాటుంది. ఏదైనా చెప్పకూడని నిజం చెప్పబోయే ముందు భుజం మీది తువాలు తీసి రెండుసార్లు గట్టిగా దులిపి, మళ్ళీ వేసుకునేవాడు. తువాలు చేతిలోకి వచ్చిందంటే బేరం చచ్చినట్టే. మా ఆవిడ విసుగెత్తి, "ఆ తువాలు నేను ఉతికిస్తానండీ, ఇక్కడ వదిలిపెట్టి వెళ్ళమనండి" అనేది.

ఆయన ఆదర్శపురుషుడేం కాదు. కమీషను రెండువైపులా తీసుకునేవాడు. పెట్రోలు మనతో పోయించి, మోపెడ్ మీద మధ్యలో తన సొంత పనులు కూడా చూసుకునేవాడు. ఒకసారి భూమి చూడటానికని తీసుకెళ్ళి, నన్ను వాళ్ళ బంధువుల బారసాలలో రెండు గంటలు కూర్చోబెట్టాడు. అక్కడ నన్ను "అమెరికా కంప్యూటర్ సారు" అని పరిచయం చేశాడు. నేను అమెరికా మొహం చూడలేదు.

ఏడో భూమి దగ్గర నా మనసు ఆగిపోయింది. నార్సింగి దాటి శంకర్‌పల్లి దారిలో లోపలికి ఒక ఎకరం. ఎర్రనేల, బండలు తక్కువ, గట్టున సీతాఫలం చెట్లు. అమ్మ వంగి ఒక పిడికెడు మట్టి తీసి నలిపి వాసన చూసింది. కింద పారేయకుండా కొంగున ముడేసుకుంది. పటేలు కూడా తువాలు ముట్టుకోలేదు. అమ్మే ఆయన మంచి మాటకారి, మాకు మజ్జిగ ఇచ్చాడు. కాగితాలన్నీ తండ్రి నుంచి తనకే వచ్చినట్టున్నాయి. ఆడిబిడ్డల మాట వచ్చేసరికి, "ఒక్కతే చెల్లె ఉండె. సచ్చిపోయి పదేండ్లాయె" అని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు జాలేసింది. అమ్మ "అయ్యో" అంది.

పటేలు నోటు పుస్తకం తీసి, పేజీలు తిప్పి, జేబులో పెట్టేసుకున్నాడు. మరుసటి ఆదివారం అమ్మనూ నన్నూ బస్సెక్కించి, శంకర్‌పల్లి అవతల ఒక ఊరికి తీసుకెళ్ళాడు. ఎందుకో చెప్పలేదు. అక్కడ ఒక ఇంటి అరుగు మీద యాభై ఏళ్ళావిడ అనపకాయలు ఒలుస్తోంది. పటేలు వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, తనూ నాలుగు కాయలు ఒలిచి, అప్పుడన్నాడు:

"అక్కా, నువ్వు సచ్చిపోయినవంట గద."

ఆవిడ చేయి ఆగలేదు. "ఎవలన్నరు?"

"మీ అన్న."

"ఎప్పుడంట?"

"పదేండ్లాయెనంట."

ఆవిడ చేతిలో ఉన్న కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. "మరి నా దినాలకు నన్ను పిలువకపాయె" అంది.

నాకు నవ్వు ఆగలేదు. అమ్మ నా చేయి గిల్లింది. అప్పుడు చూశాను, ఆవిడ కళ్ళనుంచి నీళ్ళు గిన్నెలో పడుతున్నాయి. భూమిలో వాటా ఏమడుగుతావని పటేలు అడిగితే, "నాకెందుకయ్య భూమి. పదేండ్ల సంది బతుకమ్మకు నాకు పిలుపు లేదు. నన్ను సంపినోడు వచ్చి బతికియ్యాలె. గప్పుడు కాయితాల మీద అంగూఠా ఏస్త" అంది.

ఆ అన్నను తీసుకురావడానికి పటేలుకు పన్నెండు రోజులు పట్టింది. వచ్చాడు, చీరతో వచ్చాడు, తల ఎత్తకుండా అరుగు మీద కూర్చున్నాడు. చెల్లెలు అంతటితో వదల్లేదు. తనను చంపింది సొంతూళ్ళో కాబట్టి బతికించేది కూడా అక్కడే కావాలంది. చివరికి వాళ్ళ ఊరి చాయ్ హోటల్ ముందు పదిమందిలో నిలబడి, "మా చెల్లె బతికే ఉన్నది" అని ఆయన చెప్పాడు. టీ తాగుతున్న ఒక ముసలాయన, "మాకెర్కనే బిడ్డా, మొన్న సంతల కల్సింది" అన్నాడు. ఆ సాయంత్రమే ధర ఖాయమైంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో నేను నోరు మూయలేదు. ఇలాంటి అన్నలు కూడా ఉంటారా, చెల్లెలిని చంపేసి కళ్ళు తుడుచుకున్నాడే, వీళ్ళకసలు మనసుందా అని లింగంపల్లి దాకా ఉపన్యాసం ఇచ్చాను. పటేలు కిటికీలోంచి బయటకు చూస్తూ ఊఁ కొట్టాడు. అమ్మ అది కూడా కొట్టలేదు.

రిజిస్ట్రేషన్‌కు రెండు రోజుల ముందు కాగితాలు చూసుకోవడానికి మా ఇంటికి వచ్చాడు. అన్నీ చదివించి విన్నాడు. సగం టీ తాగాడు. నేను సంతోషంగా ఉన్నాను, అమ్మ ఏ మూల ఏం విత్తాలో చెబుతోంది. ఆయన లేచి నిలబడి, తువాలు తీసి, రెండుసార్లు దులిపాడు.

"మళ్ళీ ఏమైంది పటేలా?" అన్నాను.

ఆయన నాతో మాట్లాడలేదు. "అమ్మా, గీ పైసలు యాడికెల్లి వచ్చినయి?" అని అడిగాడు.

"మా చేను అమ్మినవి నాయనా."

"నీకు పిల్లలెందరమ్మా?"

"ఇద్దరు. వీడూ, వీనికంటే పెద్దది కూతురు. ఆదోనిలో ఇచ్చినాము."

"బిడ్డను అడిగిన్రా?"

"అడగకుండా ఎట్లా?" అన్నాను నేను. "రిజిస్టర్ ఆఫీసులో అందరి ముందూ సంతకం పెట్టింది. కావాలంటే నకలు చూపిస్తాను."

"సంతకం సంగతి కాదు సారు. అడిగినవా?"

నాన్న సంవత్సరీకానికి అక్క వచ్చినప్పుడు జరిగిందది. మరునాడు పొద్దున, "పద అక్కా, చిన్న పనుంది, గంటలో వచ్చేద్దాం" అని బండి మీద తీసుకెళ్ళాను. చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. తర్వాత సోడా తాగించాను. చేను అమ్ముతున్నామని ఆమెకు తెలుసు, ఊరంతటికీ తెలుసు. నీకిష్టమేనా అని మాత్రం నేను అడగలేదు. అడగాలని తోచనే లేదు. బస్సులో చేసిన ఉపన్యాసం గుర్తొచ్చింది.

నేను ఏదో సర్దిచెప్పబోతే అమ్మ ఆపింది. "అడగలేదు నాయనా. నేనూ అడగలేదు" అంది ఆయనతో.

"అటు దిక్కు నేను సాఫ్ జేసిన. ఇటు దిక్కు మీరు జేసుకోవాలె. గప్పటిదాంక నేను ఆఫీసుకు రాను" అని, మిగతా సగం టీ తాగి, వెళ్ళిపోయాడు.

రాత్రి ఫోనుకు సగం రేటు మొదలయ్యేదాకా ఆగి చేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. మిట్టమధ్యాహ్నం ఎస్టీడీ బూతులో అమ్మ నా పక్కనే నిలబడింది. ఆదోనిలో అక్కకు ఫోను లేదు, పక్కింటివాళ్ళు పిలవాలి. పరుగెత్తుకుంటూ వచ్చిన అక్క, "అమ్మకేమన్నా అయిందా?" అంది రొప్పుతూ.

"ఏం కాలేదక్కా. నిన్నొకటి అడగాల. అప్పుడు చేను అమ్మినాము గదా. నీకిష్టమేనా అని అడగలేదు. ఇప్పుడడుగుతుండా."

నా ఎదురుగా బిల్లు మీటరులో ఎర్రటి అంకెలు పెరిగిపోతున్నాయి. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఇంత దుడ్డు పెట్టి ఫోన్లో అడుగుతుండావా?" అంది చివరికి. "ఆ పొద్దు నీ బండి మీద ఎనకాల్నే కూసోని ఉంటి గదరా. పైసా ఖర్చు ల్యాకుండా అడిగుండొచ్చు."

తప్పయిందక్కా అన్నాను. చిన్నప్పుడు అదే చేలో నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. ఆ పొద్దు ఆమెను గంట పనికి తీసుకెళ్ళి, సోడా తాగించి పంపాను. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

"సరే, అడిగినావు గదా, చెప్తా విను" అంది అక్క. "అది నాయన చేను. నాకిష్టం ల్యాకుండె. ఇప్పుడు కొనేది అమ్మ పేరు మీద రాయించు. అమ్మ పేరు పక్కన నా పేరు రాయించు."

నా పేరు సంగతేమిటని అడగబోయాను. అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుని, "అట్లనే రాయిస్తాము. ఎల్లుండికి రా" అని పెట్టేసింది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కూరగాయలు తరగడం ఆపి, కాసేపు ఆలోచించి, "మీ పట్టిక ఏదీ, ఒకసారి ఇవ్వండి" అంది. ఇస్తే దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న కుర్చీ కాలి కింద పెట్టింది.

రిజిస్ట్రేషన్ రోజు అక్క పొద్దున్నే దిగింది. ఆ చెల్లెలు అన్న పెట్టిన కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆఫీసు వరండాలో ఒకే బెంచీ మీద వాళ్ళిద్దరూ, మధ్యలో అమ్మ. ఒకరి మాట ఒకరికి సగం అర్థం కాకపోయినా ముగ్గురూ గంటన్నర కబుర్లు చెప్పుకున్నారు. నేనూ, అమ్మే ఆయనా ఎదురుగా గోడ పక్కన నిలబడ్డాం. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పటేలు కమీషను రెండువైపులా లెక్కగా తీసుకున్నాడు, టీలు మాత్రం తనే తెప్పించాడు.

లోపల రిజిస్ట్రారు గారు ఒక్కొక్కరినీ పిలిచారు. అమ్మ వేలిముద్ర వేసింది. అక్క ఈసారి కాగితమంతా చదివి, ఒకచోట ఇంటిపేరు తప్పుంటే దిద్దించి, అప్పుడు సంతకం పెట్టింది. వాళ్ళ వెనకే నిలబడి ఉన్న నన్ను చూసి ఆయన కళ్ళజోడు పైనుంచి, "మీరెవరు?" అని అడిగారు.

"సాక్షినండి" అన్నాను.